సీఆర్పీ ఎక్కువొచ్చింది. పసుపు మాత్రలు వేసుకుంటే క్యాన్సర్ రాకుండా ఉంటుందా?

పలాసజీడి
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. ఊరు పలాస దగ్గర, ఉద్యోగం విశాఖలో, రోజంతా కుర్చీలోనే. ఆఫీసువాళ్లు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో ఈసారి హెచ్ఎస్ సీఆర్పీ అనే పరీక్ష కూడా పెట్టారు. 6.4 వచ్చింది. పక్కన ఎర్ర అక్షరాలతో ‘హై’ అని ఉంది. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1. మూడు నెలల సగటు షుగర్ 6.1. నడుము 39 అంగుళాలు. సిగరెట్ అలవాటు లేదు. నెలకు రెండు మూడుసార్లు ఫ్రెండ్స్‌తో మందు.

రిపోర్టు ఇచ్చినతను "ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు, ఉంది సార్, అశ్రద్ధ చేయకండి" అన్నాడు. ఇంటికొచ్చి యూట్యూబ్ తెరిస్తే ఇన్‌ఫ్లమేషన్ అంటే క్యాన్సర్‌కి మొదటి మెట్టు అని ఒకటే మోత. నాలుగు రోజులుగా సరిగా నిద్ర లేదు. ఈ భయం నాకు ఊరికే రాలేదు. మా పెద్దత్త అంగిలి క్యాన్సర్‌తో పోయింది. ఆఖరి మూడు నెలలూ గంజి పోసినా ముక్కులోంచి వచ్చేసేది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మంచం పక్కన స్టీలు గ్లాసు, దానిమీద మడిచిపెట్టిన తుండుగుడ్డ ఇప్పటికీ కళ్లముందే ఉంటాయి.

ఆఫీసులో తెలిసినాయన పసుపు సారం మాత్రలు మూడు నెలల కోర్సు 3,600 రూపాయలకి ఇప్పిస్తానంటున్నాడు. బాగా ఒంటబట్టడానికి మిరియాల సారం కూడా కలిపారట. వేసుకోవచ్చా? రోజూ పసుపు పాలు తాగితే సరిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ల్యాబ్ మాస్టారు
ఆదివారం, రాత్రి 9:40

ముందు నిద్రపోండి. సీఆర్పీ క్యాన్సర్ పరీక్ష కాదు.

23 ఏళ్లుగా ల్యాబ్‌లో ఉన్నాను, రోజూ చూసే పరీక్ష ఇది. సీఆర్పీ అనేది కాలేయం తయారుచేసే ఒక ప్రొటీన్. ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా గంటల్లోనే పెరుగుతుంది. కారణం పోతే అంతే తొందరగా దిగుతుంది, దాదాపు 19 గంటలకోసారి సగమవుతూ. మీకు చేసిన రకం గుండెజబ్బు ముప్పు అంచనా వేయడానికి వాడతారు. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉంటే ముప్పు తక్కువ, 1 నుంచి 3 మధ్యరకం, 3 దాటితే ఎక్కువ అని లెక్క. 10 దాటిందంటే ఒంట్లో ఏదో ఇన్‌ఫెక్షన్ నడుస్తోందేమో చూసుకుని, అది తగ్గాక మళ్లీ చేయించాలి.

ఊళ్లో ఎక్కడో పొగ లేస్తోందని చెప్తుంది గానీ ఏ ఇంట్లోనో చెప్పదు. అందుకే ఒక్క రిపోర్టు పట్టుకుని ఏదీ తేల్చకూడదు. రక్తం ఇచ్చేముందు రెండు మూడు వారాల్లో జ్వరం, దగ్గు, పంటినొప్పి, దెబ్బ ఏమైనా ఉన్నాయా?

వంటింటికిటికీ
ఆదివారం, రాత్రి 10:05

తమ్ముడూ, కంగారు పడకు. మా ఇంట్లో మూడు తరాలుగా రాత్రిపూట పసుపు పాలు తాగుతాం. మా అత్తగారికి 84 ఏళ్లు, ఇప్పటికీ తన చీర తనే ఉతుక్కుంటారు. పసుపు వాపుని లాగేస్తుందని మన పెద్దవాళ్లకి ఏ ల్యాబూ చెప్పలేదు. మాత్రలకి డబ్బు తగలేయకు, కొమ్ములు కొని దంచించుకో.

పలాసజీడి
సోమవారం, ఉదయం 7:20

మాస్టారు గారూ, మీరడిగాక గుర్తొచ్చింది. కుడివైపు కింది దవడలో ఆఖరి పన్ను ఆరు నెలలుగా సతాయిస్తోంది. చిగురు వాచి దానంతటదే తగ్గిపోతూ ఉంటుంది. చెకప్‌కి ముందు వారం కూడా వాచింది. ఎడమవైపే నములుతున్నాను. దీనికీ సీఆర్పీకీ సంబంధం ఉంటుందా?

అక్కా, చాలా థాంక్స్. మీరన్నట్టు మాత్రలు కొనడం ప్రస్తుతానికి ఆపాను.

పళ్ళడాక్టరమ్మ
సోమవారం, మధ్యాహ్నం 2:30

ఉంటుంది. చిగురు వాపు, పంటి మొదట్లో చీము సీఆర్పీని పెంచుతాయి. ఆ పన్ను సంగతి ఈ వారమే తేల్చుకోండి.

అయితే మీ పోస్టులో నన్ను ఆపేసింది మీ పెద్దత్త గారి మాట. పలాస అంటున్నారు, అంగిలి అంటున్నారు. ఆవిడ అడ్డపొగ కాల్చేవారా? నేను తొమ్మిదేళ్లుగా శ్రీకాకుళం జిల్లాలో పనిచేస్తున్నాను, అందుకే అడుగుతున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. అడ్డపొగ అంటే చుట్టని వెలిగించి, నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని పీల్చడం. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లలో ఎక్కువ. ఎందుకలా అని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్తారు. సముద్రపు గాలికి ఆరిపోదని, చుట్ట ఎక్కువసేపు వస్తుందని, ఒళ్లో పిల్లల మీద నిప్పు పడదని. మూసిన పెదాల మధ్య చుట్ట కదలకుండా ఉంటుంది, మాట్లాడుతూనే ఉంటారు, మధ్యమధ్యలో బూడిద ఉమ్ముతారు. ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికే.

మామూలుగా పొగాకు నమిలేవాళ్లకి బుగ్గలోనో నాలుక పక్కనో పుండు పడుతుంది. అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. మన దగ్గర మాత్రం వస్తుంది. 1960ల్లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్, దర్భంగా, సింగ్‌భూమ్ జిల్లాల్లో 50,915 మంది గ్రామస్థుల నోళ్లు చూశారు. అంగిలి క్యాన్సర్‌కీ అడ్డపొగకీ ఉన్న ముడి అందులో స్పష్టంగా కనిపించింది. తర్వాత ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి పొగాకు మానమని చెప్పి చూశారు. మానినవాళ్లలో నోటి మచ్చలు తగ్గాయని కూడా ఆ పరిశీలనల్లోనే తేలింది. నాకు ముఖ్యమనిపించేది ఈ రెండో సంగతే.

అంగిలి ఒక్కరోజులో పాడవదు. మొదట పాలిపోయి తెల్లటి పొర కడుతుంది. ఆ తెలుపు మీద ఆవగింజంత ఎర్రచుక్కలు కనిపిస్తాయి, అవి వాచిన లాలాజల గ్రంథుల నోళ్లు. అదే మీరంతా మాట్లాడుతున్న దీర్ఘకాలపు ఇన్‌ఫ్లమేషన్. దానికి రక్తపరీక్ష అక్కర్లేదు, సెల్‌ఫోన్ లైటు చాలు. కొందరిలో ఏళ్లు గడిచేసరికి అక్కడ పుండో, ఎర్రటి మచ్చో, గరుకైన గడ్డో మొదలవుతుంది. నొప్పి ఉండదు. నొప్పి లేదు కాబట్టే ఎవరూ రారు.

మీ ఇంట్లో ఇంకా ఎవరైనా కాలుస్తున్నారా?

పలాసజీడి
సోమవారం, రాత్రి 8:55

మేడమ్, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అవును, అడ్డపొగే. చిన్నత్త ఇంకా కాలుస్తుంది. ఆవిడకి 63. పోయినసారి అడిగితే "ఏటవుతాది నాయినా, మా యమ్మా కాల్సింది, మా యత్తా కాల్సింది" అంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు చుట్టలకట్ట కొనిచ్చింది కూడా నేనే.

నల్లరేగడి
సోమవారం, రాత్రి 9:30

మీరు కొనిచ్చారని కుమిలిపోకండి. మాది ప్రకాశం జిల్లా, పొగాకు పండించే ఇల్లు. ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో, ఆకు కట్టే కర్రల మధ్య పెరిగినవాణ్ని. ఆ పంటే నన్ను చదివించింది, దాంతోనే నాకు 19వ ఏట ఖైనీ అలవాటైంది. పొగాకులో సున్నం కలిపి నలిపి కింది పెదవి లోపల పెట్టుకునేవాణ్ని. 17 ఏళ్లు పెట్టాను. పెదవి లోపల ఆ ఒక్కచోటే చర్మం ముడతలు పడి, తడిసిన కాగితంలా తెల్లగా అయింది. నాలుకతో తడిమితే గరుకుగా తెలిసేది. అదే చోట మళ్లీ పెట్టేవాణ్ని.

మానడానికి నాలుగుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లు నా మొండితనం మీద, నాలుగోసారి 1800-11-2356కి ఫోన్ చేసి. అది కేంద్ర ప్రభుత్వం పెట్టిన పొగాకు మాన్పించే ఉచిత నంబరు, నాతో తెలుగులోనే మాట్లాడారు. ఏ వేళల్లో చెయ్యి డబ్బీకి వెళ్తుందో రాసుకోమన్నారు. నాకు అన్నం తిన్న పది నిమిషాలకీ, బండి స్టార్ట్ చేసే ముందూ. అన్నం తినగానే పళ్లు తోముకోవడం మొదలుపెట్టాను. బండి తాళంచెవికి సోంపు పొట్లం కట్టుకున్నాను. డాక్టరు నికోటిన్ చూయింగ్ గమ్ కూడా రాశారు. మొదటి పది రోజులు ఇంట్లో అందరిమీదా విసుక్కున్నాను, నా భార్య ఓర్చుకుంది. మూడేళ్లయింది. ఆ తెల్ల మచ్చ ఇప్పుడు లేదు.

డల్లాస్ గోంగూర
మంగళవారం, ఉదయం 6:10

ఒక సందేహం. ఇక్కడ మా ఆఫీసులో కొందరు ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుందని రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకుంటున్నారు, పేగు క్యాన్సర్ రాదంటున్నారు. నాకు 46. వేసుకోవచ్చా? అసలు వాపుకీ క్యాన్సర్‌కీ మధ్య ఏం జరుగుతుందో ఎవరైనా అర్థమయ్యేలా చెప్పగలరా?

గౌతమిగట్టు
మంగళవారం, రాత్రి 10:45

జనరల్ మెడిసిన్ డాక్టర్ని, జిల్లా ఆస్పత్రిలో చేస్తున్నాను. డ్యూటీ దిగి ఇప్పుడే కూర్చున్నాను, కొంచెం పెద్దదే రాస్తాను.

ఇన్‌ఫ్లమేషన్ అనేది జబ్బు పేరు కాదు, ఒంటి కాపలా. వేలు తెగితే ఎర్రబడుతుంది, వాస్తుంది, వారంలో మానుతుంది. ఆ వాపు లేకపోతే మనం బతకం. చిక్కంతా మానకుండా ఏళ్లూ పూళ్లూ సాగే వాపుతోనే. ఒకేచోట కణాలు చచ్చిపోతుంటే ఆ ఖాళీ నింపడానికి పక్క కణాలు చీలుతూనే ఉండాలి. చీలిన ప్రతిసారీ డీఎన్ఏ నకలు రాసుకోవాలి, ఎక్కువసార్లు రాస్తే ఎక్కడో అక్షరం తప్పుతుంది. పైగా సూక్ష్మజీవుల్ని చంపడానికి తెల్లకణాలు వదిలే ఘాటైన రసాయనాలు మన కణాల డీఎన్ఏని కూడా కొరుకుతాయి. పుండు మానడానికి కొత్త రక్తనాళాలు మొలవమని ఒళ్లు ఆదేశిస్తుంది, తప్పుదారి పట్టిన కణానికి అదే తిండి. జర్మనీ డాక్టర్ రుడాల్ఫ్ విర్కో కణితుల్లో తెల్లకణాలు చూసి 1863లోనే ఈ అనుమానం చెప్పాడు. 1986లో హెరాల్డ్ ద్వోరాక్ అనే అమెరికా శాస్త్రవేత్త కణితుల్ని ‘మానని పుళ్లు’ అన్నాడు. నేను చదివినవాటిలో ఇంతకంటే సూటిగా చెప్పిన మాట లేదు.

పళ్ళడాక్టరమ్మ గారు చెప్పిన అంగిలి దీనికి కళ్లెదుట ఉదాహరణ. ఇలాంటివే లోపల కనపడకుండా జరిగేవి ఉన్నాయి. హెపటైటిస్ బి వైరస్ చాలామందిలో చప్పుడు లేకుండా 20, 30 ఏళ్లు కాలేయాన్ని రాపాడుతుంది. పచ్చకామెర్లు కూడా రాకపోవచ్చు. చివరికి లివర్ గట్టిపడి, కొందరిలో క్యాన్సర్ అవుతుంది. నా వార్డులో 45 ఏళ్ల మనిషి పొట్ట నీళ్లతో వచ్చి, తనకి ఈ వైరస్ ఉందని అదే మొదటిసారి వినడం ఎన్నిసార్లు చూశానో. రక్తపరీక్ష చాలా చవక. లేదని తేలితే 0, 1, 6 నెలల్లో మూడు డోసుల టీకా. పుట్టిన బిడ్డకి 24 గంటల్లోపు వేయించాలి. ఇది క్యాన్సర్‌ని అడ్డుకునే టీకా అని జనానికి ఇంకా తెలియలేదు. హెపటైటిస్ సి అయితే చాలామందికి 12 వారాల మాత్రలతో పూర్తిగా పోతుంది. రెండింటికీ ప్రభుత్వ కార్యక్రమం కింద ఉచితంగా పరీక్ష, మందు ఇస్తున్నారు.

కడుపులో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా సంగతీ అంతే. ఆస్ట్రేలియా డాక్టర్లు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని పట్టుకుంటే మొదట ఎవరూ నమ్మలేదు. మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాని తనే తాగి కడుపులో వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. మన దేశంలో ఇది చాలామంది కడుపుల్లో ఉంటుంది, అందరికీ క్యాన్సర్ రాదు. అల్సర్ ఉంటేనో, ఇంట్లో కడుపు క్యాన్సర్ వచ్చినవాళ్లుంటేనో డాక్టరు పరీక్షించి యాంటీబయాటిక్ కోర్సు ఇస్తారు. నెలల తరబడి గ్యాస్ మాత్ర కొనుక్కుని మింగేవాళ్లు ఒకసారి అడగండి.

ఇక పలాసజీడి గారి నడుము. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదని మన దేశపు లెక్క. 39 అంగుళాలంటే 99. పొట్టలోపలి కొవ్వు ఊరికే పడుండే మూట కాదు. అది వాపు సంకేతాలు రక్తంలోకి వదులుతూ ఉంటుంది, వాటికి జవాబుగానే లివర్ సీఆర్పీ తయారుచేస్తుంది. అధిక కొవ్వుకి 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉందని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. పెద్దపేగు, కాలేయం, మెనోపాజ్ తర్వాత రొమ్ము అందులో ఉన్నాయి. బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే ఫ్యాటీ లివర్‌లోని వాపు దిగుతుంది. 80 కిలోలుంటే 6 నుంచి 8 కిలోలు. ఏడాది తీసుకోండి, ఫర్వాలేదు.

మందు నెలకి మూడుసార్లయినా ఫ్యాటీ లివర్ ఉన్నప్పుడు పూర్తిగా మానమనే నేను చెప్తాను.

డల్లాస్ గోంగూర గారూ, ఆస్పిరిన్ సొంతంగా మొదలుపెట్టకండి. లించ్ సిండ్రోమ్ అని పేగు క్యాన్సర్ కుటుంబపరంగా వచ్చే జన్యులోపం ఉన్నవాళ్లలో అది పనిచేసిందని రుజువైంది. అందరికీ అది వర్తించదు. 19,114 మంది పెద్దవయసువాళ్లకి ఆస్పిరినో ఉత్తుత్తి మాత్రో ఇచ్చి చూసిన ఆస్ప్రీ అధ్యయనం 2018లో వచ్చింది. ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో రక్తస్రావాలు పెరిగాయి, క్యాన్సర్ మరణాలు తగ్గకపోగా ఎక్కువ కనిపించాయి. గుండెకోసం డాక్టరు రాసి వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చదివి మానేయకండి.

వాపుని మందుతో అణచడం మీద ఆశపడ్డ రోజులున్నాయి. గుండెపోటు వచ్చి, సీఆర్పీ ఎక్కువున్న 10,061 మందికి వాపుని అణిచే కెనాకినుమాబ్ అనే ఇంజెక్షనో ఉత్తుత్తి ఇంజెక్షనో ఇచ్చి చూశారు. 2017లో ఫలితాలొచ్చాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు తగ్గాయి. కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. తర్వాత అదే మందుని ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్లకి చికిత్సగా ఇస్తే ఆశించిన ఫలితం రాలేదు. కాపలాదారుణ్ని కట్టేస్తే దొంగతోపాటు అందరూ లోపలికొస్తారు. అందుకే నా దగ్గరికొచ్చేవాళ్లకి నేను చెప్పేది, వాపుని అణిచే పొడి వెతకడం మాని, వాపుని రోజూ రాజేస్తున్నది ఏదో వెతకమని. పలాసజీడి గారూ, మీ విషయంలో పన్ను, పొట్ట, మద్యం. మీ చిన్నత్త గారి విషయంలో చుట్ట.

వంటింటికిటికీ
బుధవారం, ఉదయం 11:15

డాక్టరు గారూ, అన్నీ చదివాను, బిడ్డకి టీకా సంగతి మా కోడలికి పంపాను. కానీ పసుపుని పొడి కింద తీసేస్తే మనసొప్పడం లేదండీ. పసుపు మీద ఎన్ని పరిశోధనలు జరిగాయో నేనూ చదువుతుంటాను.

గౌతమిగట్టు
బుధవారం, రాత్రి 9:50

అమ్మా, పసుపు మీద నాకు కోపం లేదు. మా ఇంట్లో పప్పులోనూ కూరలోనూ వేస్తాం, మీ పసుపు పాలూ మానక్కర్లేదు. నా అభ్యంతరం మాత్రలతోనే. పసుపులోని కర్క్యుమిన్ గాజుగిన్నెలో కణాల మీద పోస్తే చాలా గొప్పగా పనిచేస్తుంది. నోటితో తీసుకుంటే రక్తంలోకి చేరేది బహు స్వల్పం. అది తెలిసే మాత్రల్లో మిరియాల సారం కలుపుతున్నారు. అప్పుడు ఎక్కువ ఒంటబడుతుంది నిజమే, కానీ అలాంటి మాత్రలతో లివర్ దెబ్బతిన్న కేసులు ఇటలీలోనూ అమెరికాలోనూ నమోదయ్యాయి. ఈయనకి అసలే ఫ్యాటీ లివర్. అందుకే ఆ 3,600 ఖర్చు పెట్టొద్దంటున్నాను.

వంటింటికిటికీ
బుధవారం, రాత్రి 10:20

ఇది ఒప్పుకుంటాను. లివర్ సంగతి నాకు తెలీదు.

మరి వంట గురించి నేను చెప్పొచ్చా? తమ్ముడూ, మీ ఇంట్లో మూకుడులో మిగిలిన నూనె ఏం చేస్తారు? మా ఇంట్లో పూరీల నూనె గాజు సీసాలో పోసి వారమంతా తాలింపులకి వాడేవాళ్లం. పోయినేడాది నుంచి పూరీలకి నూనే తక్కువ పోస్తున్నాను, రెండు విడతలుగా వేయించి ఆపేస్తున్నాను. మళ్లీమళ్లీ కాగిన నూనె నల్లబడి జిగురెక్కి, పొయ్యిమీద పెట్టగానే పొగొస్తుంది చూడు, ఆ దశకి రానివ్వకూడదు.

అన్నం సగానికి తగ్గించమంటే మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. అప్పుడు అన్నం తగ్గించడం మాట ఎత్తకుండా కంచంలో ముందు కూర వడ్డించడం మొదలుపెట్టాను. తోటకూర పప్పు, బీరకాయ కూర, చిక్కుడుకాయ, ఏదో ఒకటి గరిటెడు కాదు, రెండు గరిటెలు. తర్వాత అన్నం పెడితే ఆయనే చాలంటారు. రాత్రికి జొన్నరొట్టె. తొమ్మిది నెలల్లో ఆయన ఐదు కిలోలు తగ్గారు.

గౌతమిగట్టు
బుధవారం, రాత్రి 10:35

దీన్ని ప్రింటు తీసి మా ఓపీ గోడకి అంటించుకోవాలనుంది, నిజంగా అంటున్నాను. ఆకుకూరలు, పప్పులు, జొన్నల్లోని పీచుని పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం తయారుచేస్తుంది. పేగు గోడ కణాలకి అదే తిండి, వాపుని సద్దుమణిగిస్తుంది కూడా.

కృష్ణలంక
గురువారం, ఉదయం 8:00

ఆవకాయ కూడా మానాలా? అదొక్కటి చెప్పండి చాలు.

గౌతమిగట్టు
గురువారం, మధ్యాహ్నం 1:40

మానక్కర్లేదు. ఉప్పు బాగా ఎక్కువున్న తిండి రోజూ తింటే కడుపు లోపలి పొర దెబ్బతింటుంది, కడుపు క్యాన్సర్‌తో దానికి సంబంధం కనిపించింది. పచ్చడే కూర అయిపోకుండా, కూరకి తోడుగా ఒక ముక్క.

రాత్రిషిఫ్ట్
శుక్రవారం, తెల్లవారుజాము 3:25

హైదరాబాద్‌లో ఐదేళ్లుగా నైట్ షిఫ్ట్. నాకు 29, కీళ్లవాతం కూడా ఉంది. నా సీఆర్పీ ఎప్పుడూ 15, 20 మధ్యే. ఇదంతా చదివి బాగా టెన్షన్‌గా ఉంది. నాకు క్యాన్సర్ వస్తుందా?

గౌతమిగట్టు
శుక్రవారం, సాయంత్రం 6:15

అమ్మా, మీ సీఆర్పీ కీళ్లవాతం వల్ల పెరిగింది. ఆ జబ్బు ఏళ్లపాటు అదుపు తప్పి ఉంటే లింఫోమా అనే క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది, అందుకే మందులు మానకూడదు. సోషల్ మీడియా చూసి మెథోట్రెక్సేట్ ఆపేసి ఆకురసాలు తాగి, చేతివేళ్లు వంకరపోయాక వచ్చిన అమ్మాయిలున్నారు, దయచేసి మీరు అలా చేయకండి. మీ కీళ్ల డాక్టరుతో ‘నా సీఆర్పీ ఇంకా 20 దగ్గరే ఉంది, మందు మార్చాలా’ అని సూటిగా అడగండి. నైట్ షిఫ్ట్‌ని క్యాన్సర్‌కి కారణం కావచ్చన్న జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగం పెట్టిన మాట నిజం. వెంటనే ఉద్యోగం మానమని కాదు. మార్చుకునే వీలొస్తే వదులుకోకండి, ఈలోపు పగటినిద్రకి గది చీకటిగా, ఫోను బయట.

డల్లాస్ గోంగూర
శనివారం, ఉదయం 5:50

మెథోట్రెక్సేట్ పేరు వింటే ఒకటి చెప్పాలనిపించింది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేసిన మందు అది. మొదట క్యాన్సర్‌కి వచ్చింది, తర్వాత చిన్న మోతాదులో కీళ్ల వాపుకి వాడారు. రాత్రిషిఫ్ట్ గారూ, మీరు వేసుకునే మాత్ర వెనక మన ఊరి మనిషి ఉన్నాడు.

ఆస్పిరిన్ సీసా తెరవలేదు. 45 దాటాను కాబట్టి పేగు పరీక్షకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

నల్లరేగడి
శనివారం, రాత్రి 8:10

నడక గురించి ఎవరూ రాయలేదు. వారానికి 150 నిమిషాల నుంచి 300 దాకా అంటారు. నాకు అంకెలు పట్టవు. రాత్రి భోంచేసి, చెంబు కడిగి బోర్లించి, ఊరి చివర వాటర్ ట్యాంకు దాకా వెళ్లొస్తాను. పావుగంట పోను, పావుగంట రాను. ఖైనీ మానిన కొత్తలో చేతులు ఊరుకోక మొదలైన నడక ఇది.

పలాసజీడి
రెండున్నర నెలల తర్వాత, ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. చెప్పాల్సినవి ఉన్నాయి.

పన్ను తీయించాను, మొదట్లో చీము ఉంది. మందు ముట్టలేదు. మూడున్నర కిలోలు తగ్గాను, నడుము 37న్నర. పోయినవారం సీఆర్పీ మళ్లీ చేయిస్తే 2.3. హెపటైటిస్ బి లేదు, టీకా రెండు డోసులు పడ్డాయి.

చిన్నత్త విషయం. ఊరెళ్లాను. మొదటి రోజు ఏమీ అనలేదు. రెండోరోజు పొద్దున్న పెరట్లో, ఆవిడ చుట్ట తీసి అరుగుమీద పెట్టి నోరు పుక్కిలించుకున్నాక, "అత్తా, ఒకసారి నోరు తెరువు, చూస్తాను" అన్నాను. నవ్వింది. "నా నోట్లో ఏటుంది, ఉన్న నాలుగు పళ్లూ ఊగుతున్నాయి" అంది. పెద్దత్త పేరెత్తాను. నవ్వు ఆపి తెరిచింది. ఫోను లైటు వేశాను. మేడమ్ రాసినట్టే ఉంది. తెల్లగా, బీటలువారిన మడిలా, మధ్యలో ఎర్రచుక్కలు. ఎడమవైపు వెనకాల మాత్రం చుక్కలు కావు, చింతగింజంత ఎర్రటి మచ్చ. నా చెయ్యి వణికింది, ఫొటో రెండోసారి తీయాల్సొచ్చింది. ఆ ఫొటో ఆవిడకి చూపించాను. తన అంగిలి తను చూడటం 63 ఏళ్లలో అదే మొదటిసారి. చాలాసేపు చూసి, "అక్కకీ ఇలాగే ఉండేదా?" అని అడిగింది.

శ్రీకాకుళం తీసుకెళ్లి పరీక్షకి ఆ మచ్చలోంచి ముక్క తీయించాం. క్యాన్సర్ కాదు. కణాల్లో మార్పు మొదలైందని, తేలికపాటి దశ అని రిపోర్టు.

పళ్ళడాక్టరమ్మ
ఆదివారం, రాత్రి 9:05

ఇది చదివి నాకు కన్నీళ్లొచ్చాయి. సరైన టైములో తీసుకెళ్లారు. ఆవిడ ఇప్పుడు కాలుస్తున్నారా?

పలాసజీడి
ఆదివారం, రాత్రి 9:20

రోజుకి ఆరేడు నుంచి ఒకటికి వచ్చింది మేడమ్. తెల్లవారుజామున లేవగానే కాల్చేది ఆపలేకపోతోంది, అది లేకపోతే కడుపు కదలదంటోంది.

పళ్ళడాక్టరమ్మ
ఆదివారం, రాత్రి 9:32

ఆ మాట నాకు రోజూ వినపడేదే, ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది. రాత్రి పడుకునేముందు ఇసబ్గోల్ నీళ్లలో కలిపి ఇవ్వండి, లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు. పది రోజులు చూడండి. చుట్టలు మీరు దాచేయకండి, కట్ట ఆవిడ చేతులతోనే పక్కన పెట్టించండి. మూడు నెలలకోసారి అంగిలి చూపించాలి, తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టండి. ఆ వీధిలో ఇంకా ఎంతమంది కాలుస్తారు?

పలాసజీడి
ఆదివారం, రాత్రి 9:41

అత్తతో కలిపి ఐదుగురు. వచ్చే నెల వాళ్లని కూడా తీసుకురమ్మని అత్తే అంటోంది, ఆటో మాట్లాడతానంది.

పళ్ళడాక్టరమ్మ
ఆదివారం, రాత్రి 9:44

బుధవారాలు నాకు రద్దీ తక్కువ. పొద్దున్న తొమ్మిదింటికల్లా వచ్చేయండి.